ఆయనేం తింటాడో

“బగారా అన్నం పెట్టేదా, సంగటి పెట్టేదా?” సాజిదా మూడోసారి అడిగింది.

“రెండూ చేసినావు కదమ్మీ! ఇంకా అడుగుతాండావేంది?” అంది కూతురు నాజియా.

నిజమే. బగారా అన్నం దమ్ము మీద ఉంది. సంగటి కెలికి మూత పెట్టింది. పక్క పొయ్యి మీద నాటుకోడి పులుసు కుతకుతలాడుతోంది. అయినా సాజిదాకు దిగులు తీరలేదు. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర రోజూ వందమందికి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసిపెట్టే చెయ్యి, ఇవాళ ఇంత ఉప్పు వేయడానికి వెనకాడింది. బిస్మిల్లా అనుకుని వేసింది. వేసిందో లేదో గుర్తురాక, అరచేతిలో పులుసు చుక్క పోసుకుని నాకి చూసింది.

పక్కింటి లక్ష్మీకాంతమ్మ పెరుగు గిన్నెతో వచ్చింది.

“పదకొండేండ్లు కువైట్లో ఉన్న మనిషి. మన కారం తట్టుకుంటాడో లేదో. ఈ పెరుగు పెట్టుకో.”

“అదే నా భయం గూడా అక్కా.”

“కారం గురించేనా?”

సాజిదా పెరుగు గిన్నె అందుకుంది. లక్ష్మీకాంతమ్మ గొంతు తగ్గించింది.

“అంగడి సంగతి చెప్పినావా?”

“యాడక్కా! ఇంట్లో గుడ్డలు కుడతాండానని ఫోన్లో చెప్పినా, అంతే.”

“ఇంకా ఎన్నాళ్లు దాస్తావు? వేరేవాళ్లు చెప్తే ఇంకా బాగుండదు. నీ నోటితోనే చెప్పేయి.” ఆమె నాజియా వైపు తిరిగింది. “నువ్వేంది, ఆ పాత చుడీదార్లోనే ఉండావు? ఇన్నాళ్లూ ఫోన్లో చూసుకోవడమే అయింది. ఈ పొద్దు ఎదురుగా చూస్తాడు. మంచి గుడ్డలు కట్టుకోపో.”

నాజియా కదల్లేదు. ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదువుతోంది. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది.

“అమ్మీ, నన్ను చదువు మానుకోమంటే?”

“అనడు.”

“అంటే?”

ఏమంటాడో సాజిదాకే తెలియదు. ఆయన ఇంతకుముందు రెండుసార్లు వస్తానన్నాడు. రెండుసార్లూ ఏవో కాయితాల గొడవతో ఆగిపోయింది. ఇప్పుడు వస్తుంటే, రావాలనే ఉంది, భయంగానూ ఉంది.

ఇంట్లో మగమనిషి లేకుండా ఎనిమిదేళ్ల కిందట అంగడి పెట్టింది. మొదటిరోజు సిగ్గుతో తలెత్తలేదు. ఎవరో “బజ్జీ ఎంతమ్మా?” అంటే వేళ్లతో చూపించింది. ఇప్పుడు తెల్లవారగానే నమాజు చేసుకుని, తనే స్కూటీ మీద బొరుగుల మూట వేసుకుని పోతుంది. జనం తగ్గాక స్టూలు మీద కూర్చుని ఒక్కతే ఒక చాయ్ తాగుతుంది. రోజు మొత్తంలో ఆ కాసేపు ఆమెకు ఎంతో ఇష్టం. బస్టాండులో ఆడమనిషికి అంగడేంది, మూసేయమంటే? ఆ చాయ్ కూడా పోతుంది.

ఫోను మోగింది. తమ్ముడు నయీం.

“అక్కా, ముద్దనూరులో రైలు దిగినాడు. కార్లో ఎక్కించుకొని వస్తాండా.”

గంటకల్లా కారు వచ్చింది. ఆయన్ను దింపి, కారు ఇచ్చేసి వస్తానని నయీం వెళ్లిపోయాడు. ఆయన లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు. సాజిదా “రండి” అన్నాకే చెప్పులు విడిచి, రెండూ సమంగా పక్కకు జరిపి పెట్టాడు. కుర్చీ చివర కూర్చున్నాడు.

నాజియా తలమీద చున్నీ సర్దుకుని చాయ్ తెచ్చింది. ఆయన ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసి, వెంటనే తల దించుకున్నాడు.

నాజియా వంటింట్లోకి వచ్చి గుసగుసలాడింది. “ఫోన్లో కన్నా పెద్దాయన మాదిరి ఉండాడమ్మీ.”

“మెల్లగా! వినపడుతుంది.”

అంతలో ఆయనే ఖాళీ కప్పుతో వచ్చి కొళాయి కింద కడగబోయాడు.

“అయ్యో, ఆడ పెట్టండి!”

“అలవాటైపాయ. రూములో ఎవరి కప్పు వాళ్లే కడుక్కోవాల.” తడిచేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు. “నమాజు చేసుకోవాల. ఈ ఇంట్లో ఖిబ్లా దిక్కు ఎటు?”

సాజిదా బీరువా ఉన్న వైపు చూపించింది. ఆయన నమాజు చేస్తున్నంతసేపూ ఆమె కూడా గోడవైపు తిరిగి చేతులు చాచింది. అంగడి పోకూడదు. పిల్ల చదువు ఆగకూడదు. ఈ మనిషి మనసూ విరగకూడదు. మూడూ ఒకేసారి అడగవచ్చో లేదో ఆమెకు తెలియదు.

భోజనానికి కూర్చున్నాక ఆయన బగారా అన్నం వైపు చూడలేదు.

“సంగటి ఉందా?”

సాజిదా ముద్ద పెట్టి పులుసు పోసింది. ఆయన ముద్దలో గుంట చేసి, పులుసు అద్దుకుని, కళ్లు మూసుకుని మింగాడు. బాగుందనలేదు. బాగాలేదనీ అనలేదు. ఆమె ఇక ఆగలేకపోయింది.

“ఒక మాట చెప్పాల. నేను కుట్టుపని చేయడంల్యా. బస్టాండు కాడ ఉగ్గాని అంగడి పెట్టినా. ఎనిమిదేండ్లాయ.” గరిటె కింద పెట్టింది. “దాన్ని మూయను. నాజియా చదువు కూడా ఆపను. కోపమొస్తే ఇప్పుడే చెప్పండి.”

ఆయన చేయి కంచంలోనే ఆగిపోయింది.

“పొద్దున ఎన్ని గంటలకు తెరవాల?”

“ఐదున్నరకు.”

“ఉగ్గానిలోకి ఎర్రగడ్డలు తరిగేది ఎవరు?”

“నేనే.”

“అది నాకు బాగా వచ్చు.” మరో ముద్ద పులుసులో అద్దుకున్నాడు. “చదువు ఎందుకు ఆపాల? ఎంత దూరం చదివితే అంత దూరం పోనీ.”

సాజిదా చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న నాజియా, సంగటి గిన్నె పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆయన కంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన వచ్చినప్పటినుంచి ఒక్క మాటా మాట్లాడని పిల్ల, గిన్నె మూత తీసింది.

“ఇంకో ముద్ద పెట్టేదా, అబ్బాజాన్?”