రోజూ ఓడిపోయే మెరుపు

“దీన్ని బాగుచేసినా దండగే పెద్దాయనా. కొత్తది కొనుక్కోండి,” అంటూ మెకానిక్ కంప్యూటరు డబ్బా మూత తీసి పక్కన పెట్టాడు.

కౌంటరు అవతల కూర్చున్న పెద్దాయన మొహం కందగడ్డలా అయింది. కొత్తదీ లేదు గిత్తదీ లేదు, మార్చేదేదో దీనికే మార్చి ఇవ్వమని భీష్మించుకున్నాడు. భార్య చేతిసంచీ కౌంటరు మీద పెట్టి పక్కనే నిలబడింది.

మెకానిక్ ఊరుకునే రకం కాదు. పని బాగా తెలిసినవాడికి నోరు కూడా కాస్త ఎక్కువే. డబ్బా ఆన్ చేసి, పెద్దాయన ఆడే కార్ల పందెం తెరిచి చూపించాడు. డబ్బాతోపాటు తెచ్చిన ఆట స్టీరింగు తిప్పిన అరక్షణానికి గానీ తెర మీద కారు తిరగడం లేదు. ఎదురుగా గోడ ఉందని కనబడేసరికి గుద్దుకోవడం కూడా అయిపోతోంది.

“చూశారా? దీని మీద ఎవరూ గెలవలేరు.”

“నేను గెలుస్తున్నానయ్యా. ఏడాది నుంచి, రోజూ.”

అప్పుడు సంగతంతా చెప్పుకొచ్చాడు పెద్దాయన. ఆయన క్రేన్ నడిపి రిటైరైన మనిషి. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని ఎడంచేత్తో కిటికీలోంచి విసిరికొట్టాడు. చెయ్యి దుప్పటి కింద దాచుకుని ఇంట్లోవాళ్లతో మాటలే మానేశాడు. అల్లుడు వాడి వదిలేసిన ఈ డబ్బా ముందు ఒకరోజు ఊసుపోక కూర్చుంటే, ఇంటర్నెట్‌లో ‘మెరుపు’ అని పేరు పెట్టుకున్నవాళ్లెవరో కార్ల పందేనికి పిలిచారు. పెద్దాయన గెలిచాడు. మర్నాడూ గెలిచాడు. గెలుపు రుచి మరిగాక కుడిచెయ్యి కూడా స్టీరింగు మీద వేసి, ఇంక వదిలితే ఒట్టు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ కుడిచేత్తోనే ముద్ద కలుపుకుని తిన్నాడు.

“ఆ మెరుపు ఎవరో గానీ చల్లగా ఉండాలి.” అన్నాడు పెద్దాయన. “ఇన్నిసార్లు ఓడినా మొహం చాటెయ్యలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి ఠంచనుగా వస్తాడు. డబ్బా మారిస్తే నా చెయ్యి మళ్లీ మొదటికొస్తుందేమోనని భయం బాబూ.”

మెకానిక్‌కు విషయం బోధపడింది. ఆ మెరుపు ఎవడో కావాలనే ఓడిపోతున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు. అది తెలిసిన రోజున ఈ చెయ్యి మళ్లీ దుప్పటి కిందికే పోతుంది.

“మీ డబ్బా మీకే ఉంటుంది. లోపల మెమరీ, గ్రాఫిక్స్ కార్డు మాత్రం మారుస్తాను. అంతే,” అన్నాడు.

పెద్దాయన కుడిచెయ్యి చాచి మెకానిక్ చేతిని పట్టుకున్నాడు. పదిమంది దీవించినంత నిండుగా అనిపించింది మెకానిక్‌కు.

పెద్దాయన నెమ్మదిగా మెట్లు దిగుతుంటే, భార్య సంచీ మరిచిపోయానంటూ వెనక్కి వచ్చింది. మెకానిక్ ఇంక ఆగలేకపోయాడు. ఆయన చెవిన పడనివ్వద్దని చెబుతూ, మెరుపు కావాలనే ఓడిపోతున్నట్టు ఆవిడకు చెప్పేశాడు.

ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“వంటింట్లో తలుపేసుకుని, పాత లాప్‌టాప్ ముందు కూర్చుని ఓడిపోతున్నది నేనే నాయనా.”

ఆవిడ నవ్వుతూనే పమిటచెంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఇందాక కొనుక్కోమన్నావే, ఆ కొత్త కంప్యూటరు నాకివ్వు. పది రోజులుగా నిజంగానే గెలుద్దామని చూస్తున్నాను, ఆయన్ని అందుకోలేకపోతున్నాను.”