‘ల’ లేని నవల

నవల ఆఖరి అధ్యాయం దగ్గర ఆగిపోయింది. కారణం ‘ల’.

కీబోర్డు మీద ‘ల’ పడే కీ ఉన్నట్టుండి చచ్చింది. తెలుగులో ‘ల’ పోతే ఇంకేముంది, బహువచనం పోయినట్టే! పూలు పూయవు, మాటలు సాగవు. ఒకే ఒక్క పువ్వు, ఒకే ఒక్క మాట. అసలు ‘నవల’ అన్న మాటే ‘నవ’ దగ్గర ఆగిపోతుంది.

అవతల ప్రచురణకర్త ఫోన్లో పీకల మీద కూర్చున్నాడు.

“గురువుగారూ, అట్ట అచ్చయిపోయింది. దాని మీద మీ ఫొటో నవ్వుతోంది. లోపల చూస్తే ఆఖరి అధ్యాయం లేదు. సోమవారానికి ఇవ్వకపోతే ప్రెస్సువాళ్ళు మనది పక్కన పడేసి ఇంకొకరిది ఎక్కిస్తారు. ఆవిష్కరణ సభ గోవిందా!”

“రచనంటే కూరగాయలు తరగడమా? పనిముట్టు కుదరాలయ్యా,” అని రచయిత ఫోన్ పెట్టేశాడు.

భార్య ఉండబట్టలేకపోయింది. “ఏదో ఒక మామూలుది కొనేద్దామండీ. పాపం ఆ అమ్మాయి ఇన్నాళ్ళనుంచీ రైల్వేస్టేషన్లోనే కూర్చునుంది.”

“ఏ అమ్మాయి?”

“నవల్లో అమ్మాయండీ.”

“ఆఁ, ఆ అమ్మాయా! కూర్చోనీ. రైలెక్కడికి పోతుంది?”

మామూలుది ఆయనకి ఆనుతుందా? ప్రతి కీ కిందా విడిగా స్విచ్చి ఉండే మెకానికల్ కీబోర్డే కావాలన్నాడు. ఇద్దరూ కలిసి దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు నాలుగైదు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. రచయిత పండు మగ్గిందో లేదో చూసినట్టు చూపుడువేలితో ఒక్కొక్క కీ నొక్కి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఒకటి టకటకలాడింది. ఒకటి టుక్కుమంది. ఒకటి నొక్కితే మెత్తగానే దిగింది కానీ అడుగు తగలగానే దబ్బుమంది.

“చిన్నది కావాలి,” అన్నాడు రచయిత. “మా ఇంట్లో రాతబల్లా మంచమూ ఒకే గదిలో. బల్ల పెరిగితే మంచం ఇరుకవుతుంది.”

“చిన్నదాంట్లో పక్కన అంకెల కీలుండవు సార్.”

“కథకి అంకెలెందుకు? పేజీ నెంబర్లు ప్రెస్సువాడు వేసుకుంటాడు. అక్షరాల కింద లైటు మాత్రం ఉండాలి. రాసేటప్పుడు గదిలో లైటు వెయ్యకూడదు. పక్కన పడుకున్న మనిషికి కళ్ళలో పడుతుంది.”

“చప్పుడు సంగతి?”

“అదే అసలు సంగతి! చప్పుడు రాకూడదు. ఇంట్లో మనిషి నిద్ర చెడగొట్టి రాసేది సాహిత్యమే కాదు.”

దుకాణదారు కరిగిపోయాడు. “అమ్మా, మీరు అదృష్టవంతులు. ఈ మాట మా ఆవిడ వినిందంటే నన్ను గుమ్మం ఎక్కనివ్వదు.”

ఆవిడకి పొలమారింది. తేరుకుని, రెండు చేతులూ కీబోర్డు మీద ఆనించి చూసింది. “కొంచెం ఎత్తుగా ఉందండీ. మణికట్లు లాగేస్తాయి.”

“నువ్వుండు. నీకు ప్రతిదీ నొప్పే.”

కొన్నది కొన్నట్టు వాడేస్తే ఆయన గొప్పేముంది? ఇంటికి రాగానే విప్పదీశాడు. కీలన్నీ పీకి పళ్ళెంలో పోశాడు. ఒక్కొక్క స్విచ్చి తెరిచి, లోపల సన్నని కుంచెతో గ్రీజు రాశాడు. అడుగున స్పాంజి పరిచాడు. వెనకాల టేపు అంటించాడు. జారిపోయిన స్ప్రింగుల కోసం భార్య మంచం కిందా కుర్చీల కిందా దేవులాడింది. పాపం, నడుం పట్టేసింది.

పరీక్ష పద్ధతి కూడా ఆయనే కనిపెట్టాడు. తను మంచం మీద పడుకోవాలి, ఆవిడ బల్ల దగ్గర కూర్చుని కీలు కొట్టాలి.

“పడుకున్నవాళ్ళ బాధ పడుకుంటేనే తెలుస్తుంది,” అన్నాడు. “కొట్టు.”

“ఏం కొట్టమంటారు?”

“ఏదో ఒకటి.”

ఆవిడ కొట్టింది. ఆయన కళ్ళు మూసుకునే అరిచాడు. “ఆ పొడుగు కీ గురక పెడుతోంది! విప్పు!”

విప్పారు. మళ్ళీ గ్రీజు. మళ్ళీ స్పాంజి. మళ్ళీ ఆయన మంచమెక్కాడు. ఈలోగా శనివారం గడిచిపోయింది, ఆదివారం వచ్చింది. ప్రచురణకర్త మళ్ళీ ఫోన్ చేశాడు. భర్త గ్రీజు చేతులతో ఉన్నాడని ఆవిడే తీసింది.

“రేపు పొద్దున్నకల్లా మీకు అందుతుందండీ.”

“మీరెలా చెప్పగలరమ్మా? రాయాల్సింది ఆయన కదా!”

“ఆయన సంగతి నాకు తెలుసు కదండీ,” అంది ఆవిడ.

భోజనాల వేళకి ఆఖరి పరీక్ష జరిగింది. ఆవిడ పదివేళ్ళతో ధనధనా కొట్టుకుపోతుంటే, మంచం మీద ఆయనకి చీమ నడిచిన చప్పుడైనా వినపడలేదు. “భేష్!” అని లేచి కూర్చున్నాడు. ఒక మనిషి ఒక కీబోర్డుతో ఇంత సంతోషపడగలడని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

భోజనాలయ్యాయి. రచయిత స్వయంగా కిటికీ తెరలు దగ్గరికి లాగాడు. పట్టపగలే గది చీకటైంది. బల్ల మీద అక్షరాలు చల్లగా వెలిగాయి. ఇక రాయడమే మిగిలింది.

ఆయన మంచమెక్కి, దుప్పటి మెడదాకా లాక్కుని, కీబోర్డు ముందు కూర్చున్న భార్యతో, “అయిపోగానే నన్ను లేపి కథేమిటో చెప్పు, సభలో ఎవరైనా అడిగితే బాగుండదు,” అన్నాడు.