సున్నా మార్కుల మనిషి

“ఇక్కడేమైనా కథ వింటున్నారా? ఇందాకట్నుంచి ఊఁ కొట్టడం తప్ప ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు!”

కొత్తగా వచ్చిన మేనేజరమ్మ గొంతుకు హాల్లో ఆపరేటర్లందరూ తలలెత్తారు.

ఆ మాటలు పడ్డ నడివయసు ఆపరేటర్ మాత్రం హెడ్‌ఫోన్ తీయకుండానే, ఒక్క నిమిషం ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు.

మేనేజరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. తననే ఆగమంటాడా!

దిక్కుతోచనివాళ్లు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకునే హెల్ప్‌లైన్ అది. ఆపరేటర్ల మాటలకు మార్కులు వేయడానికి ఏఐని తెప్పించింది ఆవిడే. తను ఒక్క కాల్ కూడా వినదు, మార్కులు చూస్తుందంతే. ఓదార్పు మాటకు మార్కులున్నాయి, సలహాకు ఉన్నాయి. ‘ఊఁ’కు సున్నా.

ఆయనకెప్పుడూ సున్నాలే. ‘ఊకొట్టుడు’ అని పేరు కూడా పెట్టేశారు పుణ్యాత్ములు.

కాల్ అయ్యాక ఆయన లేచొచ్చాడు.

“ఏడ్చేవాళ్లకి మధ్యలో అడ్డుపడకూడదు మేడమ్. ఒక్క కాల్ మీరే వినండి.”

“వినడానికేగా దాన్ని పెట్టాం! ఇక మీ కాల్స్ కూడా అదే తీసుకుంటుంది.”

“రోజూ సాయంత్రం ఫోన్ చేసి నన్నే అడిగేవాళ్లు ఒకరున్నారు. ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నారు. తేరుకునేదాకైనా నన్ను ఉండనివ్వండి.”

“ఏఐ సంగతి నాకు చెప్పకండి. దాని మహిమ మా ఇంట్లోనే చూశాను!”

చూసినమాట నిజమే. భార్య పోయాక తమ్ముడు గదిలోంచి బయటికి రాలేదు, కన్నతల్లిలా సాకిన అక్కతో కూడా పలకలేదు. విసిగిపోయి వాడి ఫోన్లో మాట్లాడే ఏఐ వేసిచ్చింది. నెల తిరక్కుండా గదిలోంచి గొంతు వినబడింది. తలుపుకు చెవి ఆనించి, ఆ గొంతు విని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పట్నుంచీ ఆవిడకు ఏఐ అంటే దేవుడే.

“మీరు ఊఁ అనేలోపు అది గడగడా ఓదార్చేస్తుంది. రేపట్నుంచి రానక్కర్లేదు మీరు.”

ఆయన హెడ్‌ఫోన్ బల్లమీద పెట్టాడు.

“సాయంత్రం ఆ ఫోనొస్తే ఎవరైనా మనిషి ఎత్తేలా చూడండమ్మా.”

“మీ కోడి కూయకపోతే తెల్లారదా ఏం? వెళ్లండి!”

హాల్లో అందరూ తలలు దించుకుని తమ కాల్స్‌లో పడ్డారు. ఎవరి ఉద్యోగం వాళ్లకు తీపి మరి.

ఆయన కాల్స్ అన్నీ ఏఐకి అప్పగించారు. పైవాళ్లు మేనేజరమ్మను తెగ మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకే తమ్ముడి గది మళ్లీ మూగబోయింది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటోంది. ఆవిడ తలుపు తోసుకుని వెళ్లింది.

“ఏరా, ఆ ఏఐ పనిచేయట్లేదా? ఇంకోటి వేయించనా?”

గోడకేసి తిరిగి పడుకున్నవాడు తల తిప్పకుండానే పలికాడు.

“దాన్ని నువ్వు వేసిచ్చిన రోజే తీసేశానక్కా. నేనేం చెప్పకముందే ‘మీ బాధ నాకు అర్థమైంది’ అంది.”

“మరి రోజూ సాయంత్రం ఎవరితోరా మాట్లాడేవాడివి?”

“నీకు చెప్పడానికి సిగ్గేసింది... మీ హెల్ప్‌లైన్లో ఒకాయన, నేను ఏడ్చినంతసేపూ విసుక్కోకుండా వినేవాడు. ఈమధ్య ఫోన్ ఆయన ఎత్తట్లేదు, అక్కడా ఏఐయే పలుకుతోంది. ఆయనెక్కడికి వెళ్లాడో కాస్త కనుక్కుంటావా అక్కా?”