తడి బోరెం

వెంకయ్య కాళ్ళతో తొక్కి నింపిన పెద్ద పత్తి గోతంలోకి, ఆ బోరెంలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు పత్తి బయటికి లాగాడు. బేరగాళ్ళ అలవాటు ప్రకారం బుగ్గకు అద్దుకున్నాడు. అద్దుకున్నవాడు అలాగే బిగుసుకుపోయాడు.

"తడి!"

వసారాలో కూర్చున్న నలుగురూ లేచి నిలబడ్డారు.

"సాగర్ కాలవ ఇంకా తవ్వనే లేదు. నీ పత్తిలోకి అప్పుడే నీళ్ళెట్టా వచ్చినయ్యయ్యా చలమయ్యా?"

"నా పత్తిలో నీళ్ళా?" చలమయ్య ముందుకొచ్చాడు.

"తూకం కోసం చల్లావా? వినుకొండ దాకా చెబుతా. ఇక ఏ బేరగాడూ నీ గడపెక్కడు."

చలమయ్య పత్తి అంటే ముప్పై ఏళ్ళుగా మూట విప్పకుండా కొంటున్నారు. ఆ పేరు కాస్తా ఇవాళ్టితో పోయేలా ఉంది.

"చల్లలేదు. ఒట్టు."

"మరి ఈ తడెక్కడిది? చెప్పు!"

చలమయ్య నేలచూపులు చూశాడు.

ఆయన భార్య బసవమ్మ కొంగు నడుముకు బిగించి వసారాలోకి వచ్చింది.

"అయ్యి నీళ్ళు కాదయ్యా. ఆ బోరెం తొక్కింది నేను."

"తొక్కితే తడుస్తదా?"

"ఐదు కాన్పులైనదాన్ని. లోపలికి దిగి గెంతుతుంటే ఆగలా. పైకెక్కేలోపే అయిపోయింది."

మగవాళ్ళ మధ్య ఒక ఆడమనిషి ఆ మాట అనడం ఆ ఊళ్ళో అదే మొదలు. ముందు తేరుకున్నది వెంకయ్య. బుగ్గ గుర్తొచ్చింది. గొడ్ల తొట్టి దగ్గరికి పరుగెత్తి మూడుసార్లు మొహం కడిగి, నాలుగోసారికి సున్నిపిండి అడిగాడు.

"ఇంకా నయం బావా, నాలిక్కి రాసుకున్నావు కాదు!" అన్నాడు ఆ నలుగుర్లో ఒకడైన అంకారావు. వసారా అంతా ఘొల్లుమంది.

చలమయ్య నవ్వలేదు.

"సిగ్గుందటే నీకు? ఇంటి పరువు నడివాకిట్లో పెట్టావు గదే! ఇంకోసారి బోరెం దగ్గర కనపడ్డావంటే కాళ్ళిరగ్గొడతా!"

"పోనీలేవయ్యా, పాపం ఆడమనిషి," అని వెంకయ్యే సర్దిచెప్పాడు. తడి బోరెం పక్కన పెట్టించి, మిగతా పదకొండూ బండికెక్కించాడు. "నీ పేరుకేం ఢోకా లేదులే."

బండి కదిలాక పక్కింటి నాంచారమ్మ దడి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"నాకూ అంతే వదినా. మిరపకాయలు తొక్కబోయినప్పుడల్లా గుడ్డ పెట్టుకుంటా. ఎవరితోనూ చెప్పుకోలేక చస్తన్నా. నువ్వన్నా నోరు విప్పావు తల్లీ. నీకు ఎన్నాళ్ళ నించి?"

బసవమ్మ వసారాలోంచి ఇంకా వినపడుతున్న మొగుడి తిట్లు వింటూ చిన్నగా నవ్వింది.

ఆ బోరెం తొక్కింది చలమయ్య.