గుమ్మం ముందు గిలక

మేడమెట్ల మీద, నీటి అంచున, వయసు రీత్యా మొదట నేను, నా వెనుక నా భార్య సుభద్ర, ఎదుట తన పడవలో తెరచాప సామాన్ల వర్తకుడు పోలిశెట్టి హాజరై ఉన్నాము. సముద్రం కాకినాడ వీధుల్లో స్థిరపడ్డాక ఇంటింటికీ తెరచాప పడవ తప్పనిసరి అయింది. మా పడవలో చాపను ఎత్తే గిలక విరిగింది. ఆ పూట మునిమనవరాలి బారసాల. పేరు పెట్టవలసిన పెద్దను నేను.

"ఆయ్, నా దగ్గరుందండి, చిటికెలో బిగించేస్తాను," అన్నాడు పోలిశెట్టి.

"ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాకు నాణ్యత ముఖ్యం," అన్నాను.

డ్రోన్ వచ్చింది. నేను పట్టుబట్టి రాసిన చిరునామా ప్రకారం పొట్లాన్ని సరిగ్గా మా సింహద్వారం ముందు దించింది. సింహద్వారం నీటి అడుగున ఉంది.

"మేడ అని రాయమన్నానుగా," అంది సుభద్ర.

"ఇంటి చిరునామా అంటే గుమ్మానిదే."

"అయితే దిగి తెచ్చుకోండి."

పోలిశెట్టిని అడగడానికి నాకు నోరు రాదని ఆమెకు తెలుసు. పైకి వెళ్ళి, పాలపడవ నుంచి పాలబుట్టను మేడ మీదికి లాగే గిలకను ఊడదీసి తెచ్చింది. అది పోలిశెట్టి దగ్గర కొన్నదేనట. ముహూర్తానికి చేరుకున్నాము.

శ్రీమతి సుభద్ర చేసిన ఈ ఉపకారాన్ని కుటుంబ పెద్దగా లిఖితపూర్వకంగా గుర్తిస్తున్నాను. గిలక పడవకే ఉండిపోయింది గనుక, పాలబుట్టను రోజూ చేత్తో లాగుతున్నది కూడా కుటుంబ పెద్దే.