జెండా దించని మనిషి

కొండపైకి వెళ్ళే లిఫ్టులో ఎదురుగా కూర్చున్న ముసలాయన నారింజ ఒలిచి సగం చాపాడు.

"తింటావా?"

"ఎగిరేముందు నేనేం తినను," అని ముఖం తిప్పుకున్నాడు హాల్‌వార్.

పొద్దుటి నుంచీ అతనికి చిరాగ్గానే ఉంది. కోచ్ ఓడ్వార్‌కి జ్వరం. 'నా బదులు తోర్లైఫ్ జెండా పడతాడు, నమ్ము' అని కబురు పెట్టి హోటల్లో ముసుగుతన్ని పడుకున్నాడు. ఈ ముసలి తోర్లైఫ్ ఎవరో హాల్‌వార్‌కి తెలీదు.

"చేతులు వణుకుతున్నాయి కదండీ. జెండా పట్టుకోగలరా?"

"పట్టుకోవడానికేముంది బాబూ. దించడమే కష్టం."

వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడు హాల్‌వార్.

ఓస్లోలో మొదలైన స్కీ జంపింగ్ టోర్నీ లిల్లెహామర్, ట్రోన్‌హైమ్ దాటి ఇవాళ వికర్సుండ్‌లో ముగుస్తుంది. అన్నిచోట్లా దూకినవి కలిపి ఒక్కడికే కప్పు. అందరికంటే ముందున్నది హాల్‌వారే, వెనకాలే ఆస్ట్రియా కుర్రాడు. ఈ చివరిసారి బాగా ఎగిరితే కప్పు ఇంటికొచ్చినట్టే.

మిగతా కొండల మీద దూకుతారు. అన్నిటికంటే పెద్దదైన వికర్సుండ్‌లో ఎగురుతారు. పైన కమ్మీ మీద కూర్చున్నవాడికి కింద మంచువాలు కనిపించదు, అక్కడ గాలి ఎటు తిరిగిందో తెలీదు. పక్కన మంచె మీద నుంచి కోచ్ చూసి జెండా దించాలి. బయల్దేరమని చెప్పే దీపం పచ్చగా ఉన్నా సరే, జెండా దిగందే ఎవడూ కమ్మీ వదలడు. దీపం ఎర్రబడేలోపు వదలకపోతే మాత్రం ఆటలోంచి తీసేస్తారు. కాళ్ళకు స్కీలతోనే పుట్టామని గొప్పలు పోయే మా నార్వేవాళ్ళు ఈ ఒక్క విషయంలో చిన్నపిల్లల్లా చెప్పినమాట వింటారు.

హాల్‌వార్ కమ్మీ మీద కూర్చున్నాడు. కింద జనం కేరింతలు. దీపం పచ్చబడింది.

జెండా పైనే ఉంది.

"దించండి!" అని అరిచాడు.

పైకెత్తిన ముసలి చెయ్యి వణుకుతోందే గాని కిందికి రావడం లేదు.

దీపం ఎర్రబడింది.

అంతే, కప్పు ఆస్ట్రియా వాడిదైపోయింది. కింద వాలు పక్కన కంచెకి కట్టిన గుడ్డ ఫట్టున చిరిగి ఎగిరిపోవడం హాల్‌వార్ చూడనేలేదు. అతని కళ్ళ నిండా ఆ జెండా ఒక్కటే ఉంది.

మంచె మెట్ల దగ్గర ముసలాయనను నిలేశాడు.

"ఎవరికి అమ్ముడుపోయావ్?"

"గాలి తిరిగింది బాబూ. కింద చెట్ల కొసలు..."

"దీపం పచ్చగా ఉంది! ఊరంతా చూసింది!"

"ఆ రోజూ పచ్చగానే ఉంది."

"ఏ రోజు?"

ముసలాయన జెండా అందించాడు. హాల్‌వార్ దాన్ని మోకాలికేసి రెండు ముక్కలు చేశాడు.

"పరాయివాడు చేస్తే ఇంత బాధ లేదు. మనవాడివై ఉండి గొంతు కోశావు. ఇంకెప్పుడూ ఏ కొండ మీదా కనబడకు!"

"కనబడను. ఇవాళ కూడా రానన్నాను."

ముక్కలు ఏరుకుని స్టేషన్ దారి పట్టాడు. "ద్రోహీ!" అంటూ జనంలోంచి ఎవరో మంచుముద్ద విసిరారు. అది టోపీకి తగిలినా ఆయన వెనక్కి చూడలేదు. ఒక్కరూ అయ్యో అనలేదు.

కింద అమ్మ కాఫీ ఫ్లాస్కుతో నిలబడి ఉంది. కొడుక్కి నడక రాకముందే మొగుణ్ణి ఈ కొండ మీదే పోగొట్టుకున్న మనిషి రాగ్న. కొడుకు ఎగిరినప్పుడల్లా కొండకు వీపు పెట్టి నిలబడుతుంది. ఇవాళ మాత్రం కొండవైపే చూస్తోంది.

"నమ్మినందుకు నట్టేట ముంచాడమ్మా," అన్నాడు హాల్‌వార్. ఏడుపు ఆగలేదు.

రాగ్న చెయ్యి చాపింది. ఎత్తైన ఫర్ చెట్టు కొసన చిరిగిన గుడ్డ కొట్టుకుంటోంది.

"నువ్వు దిగాల్సిన చోట కంచెకి ఉండేది అది. దీపం ఎర్రబడీ పడకముందే అక్కడికెళ్ళింది."

స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది.

"ఎవరమ్మా ఆయన?"

"రానంటే బతిమాలి నేనే రప్పించాను," అంది రాగ్న ఆ కూత వచ్చినవైపే చూస్తూ. "మీ నాన్న పడిపోయిన రోజు జెండా దించింది ఆయనే."