ఐదు వోల్టుల పగ

"మళ్ళీ కాలింది!"

రెగ్యులేటర్ మీద ఆనించిన వేలు చటుక్కున తీసి ఆవిడ నోట్లో పెట్టుకుంది. వారంలో ఇది మూడోది. బ్యాటరీ తొమ్మిది వోల్టులు ఇస్తుంది. దాన్ని ఐదుకు దించి బోర్డులోకి పంపడం ఈ మూడు కాళ్ళ రెగ్యులేటర్ పని. మీటర్ పెట్టి చూస్తే అవతల వైపు ఎనిమిది చూపిస్తోంది. ఇక బోర్డు చివర వైర్లకు వేలాడుతున్న చిన్న డబ్బీ కిక్కురుమంటే ఒట్టు.

బల్లకు అటుపక్క కుర్చీలో మొగుడుగారు. ఎండ మాడ్చేస్తున్నా మెడ చుట్టూ తువ్వాలు. రాగి రేకు మీద బోర్డు గీతలు గీసింది ఆయనే. చెయ్యి వణుకుతుంది కాబట్టి సోల్డరింగ్ ఆవిడ వంతు.

"చూశారుగా? ఇప్పుడేమంటారు?"

ఆరు నెలలుగా ఈ ఇంట్లో నోరున్నది ఆవిడ ఒక్కదానికే. ఏం కావాలన్నా ఆయనది పలక వ్యవహారం. ఒళ్ళోంచి పలక తీసి, నాలుగు అక్షరాలు గీకి, ఆవిడ ముందుకు తోశాడు.

"సోల్డరింగ్ చూసుకో."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా ఇదే మాట!

ఇరవై రెండేళ్ళ కిందట ఇద్దరూ కలిసి రిపేరు షాపు నడిపేవారు. కాలనీ హాల్లో మీటింగుకు వాళ్ళు చేసిచ్చిన మైకు సెట్టు సగంలో పొగలు కక్కి ఊరుకుంది. జనం మీద పడేసరికి ఆయన పెళ్ళాం వైపు చెయ్యి చూపించాడు. "సోల్డరింగ్ మా ఆవిడదండీ. ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతే మరి!" హాలంతా ఘొల్లుమంది. ఆడపడుచైతే పొట్ట పట్టుకుని నవ్వింది.

మర్నాటి నుంచి ఆవిడ సోల్డరింగ్ ఐరన్ ముట్టలేదు. కుట్టుమిషన్ పెట్టుకుంది. తన చేతిలో తప్పు లేదని తెలుసు, మరి ఎక్కడుందో అంతుపట్టలేదు. కాలిపోయిన ఆ బోర్డును మాత్రం పారెయ్యకుండా బీరువాలో చీరల అడుగున దాచింది. తప్పెవరిదో ఆయన నోటితోనే చెప్పించకపోతే పేరు మార్చుకుంటానని ఒట్టు పెట్టుకుంది. పేరు మార్చుకోలేదు, ఒట్టు మరిచిపోనూ లేదు. ఇన్నాళ్ళకు ఐరన్ పట్టింది అందుకే.

పక్కింట్లో ఉండే ఆడపడుచు గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఇంకా ఆ బోర్డేనా వదినా? ఎందుకొచ్చిన తంటా చెప్పు! అన్నయ్య చేత మాట అనిపించడం నీ తరం కాదు."

"అనిపిస్తాను. ఆ రోజు నవ్విందానివేగా, కూర్చో. విని మరీ పోదువు గాని."

ఈసారి ఆవిడ తొందరపడలేదు. బ్యాటరీ పీకి పక్కన పెట్టింది. భూతద్దం పట్టుకుని ఒక్కో సోల్డరింగూ చూసింది. అన్నీ ముత్యాల్లా మెరుస్తున్నాయి. కెపాసిటర్ మార్చి చూసింది. డబ్బీ వైర్లు ఊడదీసి చూసింది. అయినా అదే ఎనిమిది, అదే వేడి.

అప్పుడు బోర్డును కిటికీ దగ్గర ఎండకు ఎత్తి పట్టింది. వెలుగు దూరి రాగి గీతలు నల్లగా కనిపించాయి. కుట్టుసూది మొనతో బ్యాటరీ గీత వెంట పోయింది. పోయి పోయి ఆగింది.

కరెంటు లోపలికి రావలసిన కాలు ఒకటి, బయటికి పోవలసిన కాలు ఒకటి. గీత తప్పు కాలికి పోతోంది!

సామాన్లు బోర్డుకు పై వైపు కూర్చుంటాయి, గీతలు కింది వైపు ఉంటాయి. పై నుంచి చూసి వేసుకున్న బొమ్మను కిందికి దింపేటప్పుడు కుడి ఎడమలు తిరగేసి గీయాలి. మిగతావన్నీ బుద్ధిగా తిరగేసిన పెద్దమనిషి రెగ్యులేటర్ మూలకు వచ్చేసరికి మరిచిపోయాడు.

ఆవిడ ఒక్క ఉదుటున బీరువా దగ్గరకు వెళ్ళింది. చీరలన్నీ నేల మీద పడ్డాయి. మాడిన పాత బోర్డును తెచ్చి అదే ఎండలో అదే సూదితో చూసింది. తర్వాత రెండూ ఆయన ముందు టపీమని పెట్టింది.

"ఇదిగో అప్పటిది, ఇదిగో ఇప్పటిది. అదే మూల, అదే తప్పు. గీసిందెవరండీ? చెప్పండి! నోరు పెగలదేం?"

"వదినా!" అంది ఆడపడుచు నొచ్చుకుని.

"నువ్వుండవమ్మా."

ఆయన రెండు బోర్డులూ మార్చి మార్చి చూశాడు. మొహం పాలిపోయింది. పలక తుడిచి, రాసి ఇచ్చాడు.

"నాదే తప్పు."

ఆవిడ చదివింది. కొంగుతో పలకంతా తుడిచి పారేసింది.

"రాతలెవరిక్కావాలి? ఆ రోజు నలుగురిలో నన్నన్నది రాసిచ్చారా? నోటితో అన్నారు. నాకూ నోటితోనే కావాలి."

ఆయన తల దించుకున్నాడు. ఆడపడుచు కళ్ళొత్తుకుంది. "రాయి వదినా నీ గుండె!"

"అవును, రాయే."

ఆవిడ కాలిన రెగ్యులేటర్ పీకేసింది. కొత్తదాన్ని వీపు ముందుకు, మొహం వెనక్కు తిప్పి కూర్చోబెట్టింది. ఐరన్ మూడుసార్లు చుయ్యిమంది. బ్యాటరీ తగిలించి మీటర్ పెట్టింది. ఐదు. పదినిమిషాలాగి వేలు ఆనించింది. చల్లగా ఉంది. డబ్బీ వైర్లు మళ్ళీ తగిలించి లేచి నిలబడింది.

"ఇప్పుడు దొరికారు నాకు," అంది పళ్ళు బిగించి.

ఆవిడ ఆయన మెడ మీది తువ్వాలు మెల్లగా పక్కకు జరిపి, డబ్బీని గొంతుకు ఆనించి బటన్ నొక్కగానే, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేసిన ఆరు నెలల తర్వాత మొట్టమొదటిసారిగా ఆయన నోటి నుంచి గరగరమంటూ మాట వచ్చింది: "నాదే తప్పు."